చలికాలములో మన బడిపిల్లలు: తలిదండ్రులకు ఒక పాఠము



నవంబరు నెల నడుమనుండి ఫిబ్రవరి మొదటి దినములవరకు మన ప్రాంతమున చలికాలము. ఈ దినములలో చిన్న బడిపిల్లలున్న ఇండ్లను దర్శించుటకు వెళ్లినప్పుడు దగ్గు వినబడని ఇల్లు మాకు అరుదుగా కనబడును. తల్లి నడిగినయెడల, “చలికి వచ్చింది అయ్యగారూ, అదే పోతది” అనును. చాలవరకు ఆమె మాట నిజమే. దగ్గు వచ్చును, వారము పది దినములుండి పోవును. అయితే పోని దగ్గు ఒకటున్నది. దానిని ముందుగా గుర్తుపట్టిన ఇంటిలో బిడ్డ బ్రదుకును, ఆలస్యము చేసిన ఇంటిలో దుఃఖము మిగులును. కాబట్టి ఈ నెల పాఠమును బడిపిల్లల ఆరోగ్యమును గూర్చి వ్రాయుచున్నాము. చదువురానివారికి చదువు వచ్చినవారు చదివి వినిపింతురుగాక.

పౌలు చెరసాలనుండి తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలోని చివరి అధ్యాయమును చూడుడి. అక్కడ ఆయన శీతకాలము రాకమునుపే రమ్మని తిమోతిని పిలుచుచు, త్రోయలో విడిచి వచ్చిన అంగీని వెంట తెమ్మని అడుగుచున్నాడు. అంతటి ఉపదేశముల నడుమ ఒక అంగీని గూర్చిన మాట! చలి శరీరమునకు తగులునని ఒప్పుకొనుటయు, దానికి ముందుగా సిద్ధపడుటయు విశ్వాసమునకు తక్కువ కాదని దీనివలన నేర్చుకొందము.

1. మన చలి ఎట్టిది?

గోదావరికి ఉత్తరమున పాత ఆదిలాబాదు జిల్లా, దక్షిణమున పాత కరీంనగరు జిల్లా. 2016 అక్టోబరు 11వ తేదీని ఇవి విభజింపబడి ఉత్తరమున ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అను జిల్లాలును, దక్షిణమున కరీంనగరు, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల అను జిల్లాలును ఏర్పడినవి. పేర్లు మారినవి గాని చలి మారలేదు. తెలంగాణలో అన్నిటికంటె తక్కువ ఉష్ణోగ్రత సాధారణముగా ఆదిలాబాదు, ఆసిఫాబాదు జిల్లాలలోనే నమోదగుచున్నది. సిర్పూర్ (యు), తిర్యాణి మండలములోని గిన్నెధరి, భీంపూర్ మండలములోని అర్లి (టి) అను ఊళ్ల పేర్లు చలి వార్తలలో తరచుగా వినబడును. చలి ముదిరిన ఉదయములలో అక్కడ 10 డిగ్రీలకంటె తక్కువకు, కొన్ని సంవత్సరములలో 5 డిగ్రీల దగ్గరకు దిగును. అదే దినము మధ్యాహ్నము చెమట పట్టునంత ఎండ కాయును.

ఇది ఎందుకనగా, వానకాలము వెళ్లిన తరువాత మన ఆకాశమున మబ్బులుండవు, గాలిలో తేమ తగ్గును. పగలు నేల గ్రహించిన వేడిమి రాత్రి అడ్డములేక పైకి పోవును. దానికి తోడు ఉత్తరమునుండి పొడి చలిగాలి వీచును. మబ్బు భూమికి దుప్పటివంటిది. ఆ దుప్పటి తొలగిన రాత్రి చలి ఎక్కువ. అందువలన తెల్లవారుజామున రెండు అంగీలు, మధ్యాహ్నము ఒక అంగీ బిడ్డకు కావలెను. ఒకే మందమైన బట్టకంటె ఒకదానిమీద నొకటి వేసిన పలుచని బట్టలు మేలు. ఎండ యెక్కగానే పై బట్టను విప్పి సంచిలో పెట్టుకొనుమని పిల్లవానికి నేర్పుడి. చెమటతో తడిసిన అంగీ సాయంకాలమున చలిని రెండింతలు చేయును.

ఒక పొరపాటు తలంపును తీసివేయవలెను. జామపండు తిన్నందున జలుబు రాదు. పెరుగన్నము తిన్నందున రాదు. జలుబును పుట్టించునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. చలికి తలుపులు మూసి అందరము ఒకే గదిలో పండుకొందుము గనుక అవి ఒకరినుండి ఒకరికి సులువుగా పాకును. పొడిగాలికి ముక్కులోని పొర ఎండి వాటిని ఆపలేకపోవును. కాబట్టి పండు మాన్పించుటకంటె దగ్గునప్పుడు మోచేతి మడత అడ్డము పెట్టుకొనుటయు, చేతులు సబ్బుతో కడుగుకొనుటయు నేర్పించుట మేలు. బడినుండి రాగానే ఒకసారి, అన్నమునకు ముందు ఒకసారి, దొడ్డికి వెళ్లివచ్చిన తరువాత ఒకసారి, ఇరువది వరకు మెల్లగా లెక్కించునంతసేపు రుద్ది కడుగవలెను.

2. ఏ దగ్గు సామాన్యము, ఏ దగ్గు ప్రమాదము?

ఊపిరితిత్తులలో వచ్చు వాపును వైద్యులు న్యుమోనియా అందురు. మన పల్లెలలో “డొక్కలెగురుతున్నయి” అని చెప్పుదుము. మనదేశములో చిన్నబిడ్డల ప్రాణములు తీయు జబ్బులలో ఇది ముఖ్యమైనది. బడికి పోవు పిల్లవానికంటె ఇంటనున్న వాని చెల్లెలికి, తమ్మునికి దీనివలన అపాయము ఎక్కువ. పెద్దవాడు బడినుండి జలుబు తెచ్చును, చంటిబిడ్డ దానిని మోయలేదు.

దీనిని కనిపెట్టుటకు పెద్ద చదువు అక్కరలేదు. బిడ్డ ఏడువక నెమ్మదిగా నున్నప్పుడు అంగీ పైకెత్తి, పొట్ట పైకి లేచి దిగుట చూచుచు, సెల్‌ఫోనులోని గడియారము పెట్టుకొని ఒక పూర్తి నిమిషము ఊపిరులు లెక్కింపుడి. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషమునకు 60 గాని అంతకంటె ఎక్కువ గాని, రెండు నెలలనుండి సంవత్సరములోపు బిడ్డకు 50 గాని ఎక్కువ గాని, ఒకటినుండి ఐదు సంవత్సరములలోపు బిడ్డకు 40 గాని ఎక్కువ గాని ఊపిరులున్నయెడల అది వేగమైన ఊపిరి. ఆ దినమే ఆశా కార్యకర్తకు గాని, పల్లె దవాఖానాలోని నర్సమ్మకు గాని చూపవలెను.

ఈ క్రింది గురుతులలో ఏ ఒక్కటి కనబడినను రాత్రియని, దూరమని చూడక 108కి ఫోను చేసి పెద్ద దవాఖానాకు తీసికొని పోవలెను:

ఊపిరి పీల్చునప్పుడు ప్రక్కటెముకల క్రింద డొక్క లోపలికి గుంజుకొనుట.
పాలు గాని నీరు గాని త్రాగలేకపోవుట, త్రాగినదంతయు కక్కుట.
మూర్ఛ వచ్చుట, లేపినను లేవని మత్తు.
పెదవులు, నాలుక నీలమగుట.
రెండు నెలలలోపు బిడ్డకు జ్వరము, లేక ఒళ్లు చల్లబడుట.

బడియీడు పిల్లవాడు ఒక్క ఊపిరిలో ఒక మాట పూర్తిగా పలుకలేకపోయినను, కూర్చుండి ముందుకు వంగి ఊపిరికొరకు పెనుగులాడినను అట్లే చేయుడి.

డొక్క మీద వాతలు పెట్టుట, పసరు పోయుట వలన లోపలి వాపు పోదు. కాలిన పుండు కొత్త బాధ యగును, దవాఖానాకు పోవలసిన గడియలు వ్యర్థమగును. ముసలమ్మలు ప్రేమతోనే చెప్పుదురు. వారిని గద్దింపక, “అమ్మా, ముందు దవాఖానాకు పోయి వత్తము” అని మెల్లగా బిడ్డను ఎత్తుకొని బయలుదేరుడి.

ఈ జబ్బునకు ముందుజాగ్రత్త టీకాలున్నవి. న్యుమోకోకల్ టీకా 2021నుండి దేశమంతట ఉచితముగా ఇయ్యబడుచున్నది. ఆరు వారములకు, పదునాలుగు వారములకు, తొమ్మిది నెలలకు మొత్తము మూడుసార్లు. తట్టునకు వేయు టీకాయు న్యుమోనియాను తగ్గించును, ఏలయనగా తట్టు పోసిన బిడ్డకు ఆ తరువాత తరచుగా డొక్కలెగురును. బడిలో చేరు ఐదారు సంవత్సరముల వయస్సున ధనుర్వాతము, కోరింత దగ్గు, కంఠసర్పి రాకుండ మరియొక టీకా ఉన్నది. ఈ చివరిదానిని మరచువారు మనలో పలువురు. టీకా కార్డును బీరువాలో దాచక, నర్సమ్మ వచ్చు దినమున తీసి చూపుడి.

రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, ఇంటిలో ఎవరికైనను క్షయ యుండుట: వీటిలో ఏది యున్నను కఫ పరీక్ష చేయించవలెను. పరీక్ష, మందులు సర్కారు దవాఖానాలో ఉచితము. చికిత్సలో నున్నవారి ఆహారమునకై నెలకు 500 రూపాయలుగా ఇచ్చిన సహాయము 2024 నవంబరునుండి 1000 రూపాయలైనది. క్షయ సిగ్గుపడవలసిన జబ్బు కాదు, కుదురు జబ్బు.

3. దగ్గు మందును గూర్చి ఒక హెచ్చరిక

2025వ సంవత్సరము సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో ఇరువదిమందికి పైగా పిల్లలు మరణించిరి. ఆ ఊరు మనకు దూరము కాదు. ఆదిలాబాదు దాటి నాగపూరు మీదుగా పోయినయెడల వచ్చును. వారికి వచ్చినది సామాన్యమైన జలుబు, దగ్గు. త్రాగించిన దగ్గు మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము ఉండెను. అది మూత్రపిండములను చెడగొట్టెను. ఆ తల్లులు బిడ్డలకు మేలు చేయవలెననియే చెంచాతో పోసిరి.

ఈ సంగతి తరువాత కేంద్ర ఆరోగ్యశాఖ స్పష్టముగా చెప్పినది: రెండు సంవత్సరములలోపు బిడ్డలకు దగ్గు, జలుబు మందులు ఇయ్యరాదు, ఐదు సంవత్సరములలోపు వారికి సాధారణముగా తగవు. కాబట్టి కిరాణా కొట్టులో గాని, మందుల దుకాణములో గాని చీటీ లేక సీసా కొనకుడి. నిరుటి సీసాలో మిగిలినది పోయకుడి. పెద్దవారి మందును సగము చేసి ఇయ్యకుడి.

అట్లయిన ఏమి చేయవలెను? గోరువెచ్చని నీరు పలుమారు త్రాగించుడి. ముక్కు మూసికొనినయెడల ఉప్పునీటి చుక్కలు వేయుడి. సంవత్సరము దాటిన బిడ్డకు రాత్రివేళ అర చెంచా తేనె నాకించుట దగ్గును నెమ్మదిపరచును. సంవత్సరములోపు బిడ్డకు మాత్రము తేనె ఎన్నడును పెట్టరాదు. జ్వరమునకు ఏ మందు ఎంత వేయవలెనో బిడ్డ బరువును బట్టి నర్సమ్మ చెప్పును. ప్రతి జలుబునకు సూది వేయమని అడుగుట మన అలవాటు. సూదిలోని క్రిమినాశక ఔషధము జలుబు పుట్టించు వైరసులను చంపదు. అక్కరలేనప్పుడు వాడినయెడల, నిజముగా అక్కర వచ్చిన దినమున అది పని చేయకపోవచ్చును.

4. నెగడు, కుంపటి, నీళ్ల పొయ్యి

చలిమంట వేయుట మనకు తాతలనాటినుండి ఉన్నది. యోహాను సువార్త పదునెనిమిదవ అధ్యాయములో దాసులును బంట్రౌతులును బొగ్గుల మంట వేసికొని చలి కాచుకొనిరి. ఆ మంట ఎక్కడ వేసిరో గమనింపుడి. అది ముంగిట వేసిన మంట. మంట ముంగిట నుండవలెను, పడకగదిలో నుండరాదు.

తలుపులు మూసిన గదిలో కుంపటిలోని బొగ్గులు కాలునప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. దానికి వాసన లేదు, రంగు లేదు. మన నెత్తురు ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లు ఎక్కువ ఆశతో దానిని పట్టుకొనును, కనుక ఊపిరి ఆడుచున్నను శరీరమునకు ప్రాణవాయువు అందదు. తలనొప్పి, వాంతి, మత్తు కలుగును. నిద్రలో నున్నవారికి ఈ గురుతులు తెలియవు. వారు తెల్లవారి లేవరు. బొగ్గు చవకగా దొరకు గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతములలోని కుటుంబములు దీనిని మరి యెక్కువగా జ్ఞాపకముంచుకొనవలెను. నిద్రకు ముందు కుంపటిని బయట పెట్టుడి. ఎవరైనను కుంపటి గదిలో సొమ్మసిల్లినయెడల మొదట తలుపులు తెరచి వారిని బయటి గాలిలోనికి తెచ్చి 108కి ఫోను చేయుడి.

గ్యాసు వచ్చిన తరువాత వంట పొగ చాల ఇండ్లలో తగ్గినది. ఉజ్వల పథకము 2016 మే 1న మొదలైనది. అయినను చలికాలమున స్నానపు నీళ్లు కట్టెల పొయ్యి మీదనే కాగుచున్నవి. ఆ పొయ్యి వాకిట నున్నయెడల మంచిది. వసారాలో నున్నయెడల పొగ అంతయు చంటిబిడ్డ రొమ్ములోనికి పోవును. సలసల కాగిన నీళ్లను పిల్లవాని చేత మోయించకుడి. బకెట్టులో ముందు చన్నీళ్లు పోసి, తరువాత వేడినీళ్లు కలుపుడి. హీటర్ రాడ్ పెట్టువారు స్విచ్చి తీసి, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే నీటిలో చేయి పెట్టవలెను. ఇనుప బకెట్టు పనికిరాదు.

నెగడు చుట్టు కూర్చున్న ఆడపిల్లల ఓణీలు, నైలాను బట్టలు త్వరగా అంటుకొనును. బట్ట అంటుకొనినయెడల పరుగెత్తనీయక, నేలమీద పొర్లించి, మందమైన గొంగడి కప్పి ఆర్పుడి. కాలినచోట పళ్ల పేస్టు, సిరా, పసుపు పూయక, ఇరువది నిమిషములు చన్నీటి ధార పోసి, శుభ్రమైన బట్ట కప్పి దవాఖానాకు పోవుడి.

5. స్నానము, గజ్జి, ఆటలమ్మ

చలికి వెరచి వారములతరబడి స్నానము మానుట, ఒకే రగ్గు క్రింద నలుగురు పండుకొనుట, రగ్గులు ఉతుకకుండుట: ఈ మూడును కలిసి గజ్జిని పెంచును. వ్రేళ్ల నడుమ, మణికట్టున, నడుము చుట్టు చిన్న పొక్కులు, రాత్రివేళ హెచ్చగు దురద దీని గురుతులు. ఇది కంటికి కనబడనంత చిన్న పురుగు వలన కలుగును. ఒక్క పిల్లవానికి మందు పూసి ఊరకున్నయెడల పోదు. ఇంటిలోని వారందరు, దురద లేనివారును, ఒకే రాత్రి డాక్టరు చెప్పిన మందును మెడనుండి పాదములవరకు పూసికొని తెల్లవారి కడుగుకొనవలెను. వారము తరువాత మరల ఒకసారి చేయవలెను. బట్టలు వేడినీట ఉతికి ఎండలో ఆరవేయవలెను. ఉతుకరాని గొంగడిని మూటకట్టి వారము దినములు ముట్టకుండ ఉంచినయెడల పురుగు చచ్చును.

స్నానము ఉదయము ఐదు గంటలకే చేయనక్కరలేదు. బడి విడిచిన తరువాత ఎండ యుండగానే చేయించుడి. తరువాత కొబ్బరినూనె గాని మంచినూనె గాని కాళ్లకు, చేతులకు, పెదవులకు రాయుడి, పగుళ్లు రావు.

చలి వెళ్లుచుండగా ఆటలమ్మ వచ్చును. పొక్కులన్నియు ఎండి పొరకట్టువరకు పిల్లవానిని బడికి, గుడికి పంపకుడి. గోళ్లు కత్తిరించుడి, స్నానము చేయింపుడి, పత్యము పేరట కడుపు మాడ్చకుడి. ఆస్పిరిన్ బిళ్ల ఇయ్యరాదు. గర్భవతులను, చంటిబిడ్డలను దూరముంచుడి.

6. తిండి, నీరు

చలిలో దాహము తెలియదు గనుక పిల్లలు నీరు త్రాగరు. మలబద్ధకము, మూత్రములో మంట కలుగును. బడికి నీళ్ల సీసా ఇచ్చి, ఖాళీ చేసి తెమ్మనుడి.

ఉదయము టీలో బిస్కట్టు ముంచి పెట్టి పంపుట బిడ్డకు ఆహారము కాదు. టీ అన్నములోని ఇనుమును శరీరము గ్రహింపకుండ అడ్డగించును. నెత్తురు తక్కువైన బిడ్డకు చలి ఎక్కువ, చదువు మీద మనస్సు తక్కువ. మన చేలలోనే మందున్నది: జొన్నరొట్టె, పచ్చి కందులు, చిక్కుడు, పాలకూర, తోటకూర, పల్లీలు, నువ్వులు, బెల్లము. ఉసిరికాయ, జామపండు అన్నముతో తినినయెడల ఇనుము బాగుగా ఒంట పట్టును. ఆదిలాబాదు అడవి గ్రామములలో ఇప్పపువ్వుతో చేయు లడ్డూలు పిల్లలకు మంచి బలము. సంక్రాంతికి మనమందరము చేయు సకినాలలోని నువ్వులు కూడ మేలైనవే.

బడిలో వారమునకొకసారి ఇచ్చు ఇనుము బిళ్లను పారవేయవద్దని పిల్లలకు చెప్పుడి. ఐదునుండి తొమ్మిదేండ్లవారికి గులాబీరంగు బిళ్ల, పెద్దవారికి నీలిరంగు బిళ్ల. అన్నము తిన్న తరువాత మ్రింగవలెను. మలము నల్లగా వచ్చినను భయపడనక్కరలేదు.

7. సికిల్ సెల్ ఉన్న బిడ్డలు

గోండు, కొలాము మొదలైన గిరిజన కుటుంబములలోను, మరికొన్ని కులములలోను సికిల్ సెల్ అను నెత్తురు జబ్బు తలిదండ్రులనుండి బిడ్డలకు వచ్చును. గుండ్రముగా నుండవలసిన ఎర్రకణములు కొడవలివలె వంకర తిరిగి సన్నని నాళములలో అడ్డుపడును. చలి తగిలినప్పుడును, నీరు తక్కువైనప్పుడును ఈ అడ్డు ఎక్కువై చేతులు, కాళ్లు, నడుము, రొమ్ము భరింపరాని నొప్పి పుట్టును. బడి మానుటకు వంక పెట్టుచున్నాడని అట్టి బిడ్డను కొట్టకుడి. వెచ్చగా కప్పి, నీరు త్రాగించి, దవాఖానాకు తీసికొని పోవుడి. అతనికి జ్వరము వచ్చినయెడల ఆ దినమే చూపించవలెను. చన్నీటి స్నానము, తెల్లవారుజామున పొలము పని అతనికి తగవు.

2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రింద గిరిజన ప్రాంతములలో నలుబది సంవత్సరములవరకు వయస్సు గలవారికి ఈ పరీక్ష ఉచితముగా చేయుచున్నారు. పరీక్ష చేయించుకొని కార్డు దాచుకొనుడి. బడి పంతులుగారికి కూడ తెలియజేయుడి.

8. పత్తి చేలు, ఖాళీ బల్లలు

చలికాలపు జబ్బులన్నిటిలో ఒకటి దవాఖానాలో నయము కాదు. అది బడి మానుట. నవంబరునుండి జనవరివరకు మన నల్లరేగళ్లలో పత్తి ఏరుదురు. కూలీలు దొరకనప్పుడు తల్లి, “రెండు దినాలు రా బిడ్డా” అనును. రెండు దినములు రెండు వారములగును, తరువాత పిల్లవానికి లెక్కలు అర్థము కావు, ఆ పిమ్మట బడికి పోవుటకే సిగ్గుపడును. మంచు తడిసిన చేనిలో చెప్పులు లేక నిలిచిన బిడ్డకు చలి, దగ్గు, మందు చల్లిన ఆకుల దురద కూడ కలుగును.

ఆరునుండి పదునాలుగు సంవత్సరములవరకు ప్రతి బిడ్డకు బడి హక్కని చేసిన చట్టము 2010 ఏప్రిల్ 1నుండి అమలులో నున్నది. అంతకు ఎంతో ముందే, 1943లో, హైమెన్‌డార్ఫ్ దొరగారి పూనికతో మార్లవాయిలో గోండు పిల్లలకై బడియు, పంతుళ్ల శిక్షణయు మొదలైనవి. అడవిలో, చలిలో, దారిలేని ఊరిలో బడి నిలువగలిగినప్పుడు తారురోడ్డు ప్రక్కనున్న మన ఊరిలో బల్లలు ఖాళీగా నుండవచ్చునా? పేదరికము ఎరుగని వారమై మేము ఈ మాట వ్రాయుటలేదు. చేను మీద అప్పున్న ఇంటికి ఒక రోజు కూలి ఎంతటిదో ఎరుగుదుము. అయినను ఒకరి చేను ఒకరు వంతుల చొప్పున ఏరుకొనినయెడల, ఆదివారము మధ్యాహ్నము యౌవనస్థులు ఒక విధవరాలి చేనికి పోయినయెడల, కొందరు బిడ్డలైనను బడిలో నిలుతురు.

9. ఈ చలికాలపు వార్తలు

న్యుమోనియా దినము నవంబరు 12. ఆ దినమునుండి ఫిబ్రవరి చివరివరకు “సాన్స్” అను కార్యక్రమము క్రింద ఆశా కార్యకర్తలు ఇండ్లకు వచ్చి బిడ్డల ఊపిరిని చూతురు. ఇది 2019లో మొదలైనది. వారు వచ్చినప్పుడు తలుపు తెరువుడి.

చలి మిక్కిలి హెచ్చినప్పుడు కలెక్టరుగారు బడివేళను మార్చుట కలదు. పంతులుగారిని అడిగి తెలిసికొనుడి. మంచు కురియు ఉదయములలో పిల్లలు రోడ్డునకు కుడిప్రక్కన, ఎదురు బండ్లను చూచుచు, తెల్లని గాని పసుపుపచ్చని గాని బట్టతో నడువవలెను. పత్తి ట్రాక్టర్లు గలవారు వెనుక ఎర్రని మెరుపు అట్టలు అంటించుడి.

క్రిస్మస్ రాత్రి ఆరాధనలకు, సంక్రాంతి ప్రయాణములకు, పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరుగు నాగోబా జాతరకు చంటిబిడ్డలతో పోవువారు చెవులకు టోపీ, కాళ్లకు మేజోళ్లు, ఒక అదనపు దుప్పటి వెంట తీసికొనుడి. ట్రాలీలో రాత్రి ప్రయాణము చంటిబిడ్డకు తగదు.

నులిపురుగుల నివారణ దినము సాధారణముగా ఫిబ్రవరి 10. ఒకటినుండి పందొమ్మిదేండ్లవారికి బడిలోను అంగన్‌వాడీలోను బిళ్ల ఇత్తురు, నమిలి మ్రింగవలెను. ఆ దినము జ్వరముతో నున్న బిడ్డకు తరువాత వేయించవచ్చును.

10. సంఘము చేయవలసినది

నిర్గమకాండము ఇరువది రెండవ అధ్యాయములో ఒక ధర్మమున్నది. బీదవాని పై వస్త్రమును తాకట్టు పెట్టుకొనినవాడు ప్రొద్దు గ్రుంకకముందే దానిని తిరిగి ఇయ్యవలెను. ఏలయనగా రాత్రి కప్పుకొనుటకు అతనికి వేరొకటి లేదు. దేవుడు ఒక దుప్పటిని లెక్కించియున్నాడు. మనము కూడ మన ఊరిలోని దుప్పట్లను లెక్కింపవలెను. ఏ ఇంటిలో ఎంతమంది ఉన్నారు, కప్పుకొనుటకు ఎన్ని ఉన్నవి? స్త్రీల సమాజమువారు ఒక్క వారములో ఈ లెక్క తీయగలరు. బీరువాలో మడిచియున్న స్వెటరు పెరిగిన బిడ్డకు చాలదు, పొరుగు బిడ్డకు సరిపోవును. దక్కను గొఱ్ఱెల నల్ల ఉన్నితో మన కురుమవారు నేయు గొంగడి చలికి, జల్లుకు ఓర్చును, ఏండ్లతరబడి మన్నును. ఒకటి కొని అక్కరలో నున్నవారికి ఇచ్చినయెడల నేసిన ఇల్లును, కప్పుకొనిన ఇల్లును రెండును బ్రదుకును. ఇచ్చునది మన సంఘపు బిడ్డకే ఇయ్యవలెనని చూడకుడి. చలి ఎవరి గుడి ఏదని అడుగదు.

ఇంటిలో కూడి అడుగుకొనవలసిన ప్రశ్నలు

1. మన చిన్నబిడ్డ నిమిషమునకు ఎన్ని ఊపిరులు తీసికొనుచున్నాడు? ఈ రాత్రియే లెక్కింతమా?
2. మన బిడ్డల టీకాలలో ఏది తప్పినది?
3. మన కుంపటి, నీళ్ల పొయ్యి ఎక్కడ ఉన్నవి? వాటి పొగ ఎవరు పీల్చుచున్నారు?
4. ఇంటిలో చీటీ లేని మందు సీసాలు ఎన్ని? వాటిని ఎప్పుడు పారవేయుదుము?
5. ఈ నెలలో మన బిడ్డ ఎన్ని దినములు బడి మానెను? ఎందుకు?
6. మన వీధిలో కప్పుకొనుటకు లేనివారు ఎవరు?

ఈ పుటను చింపి పొయ్యి వద్ద గోడకు అంటించుకొనుడి. 108 అను అంకెను పిల్లలకు కూడ నేర్పుడి. ఆశా కార్యకర్త, నర్సమ్మల ఫోను నంబర్లు పెన్సిలుతో ప్రక్కన వ్రాసికొనుడి. అర్ధరాత్రి వాటిని వెదకుకొనుచు కూర్చుండు అవసరము ఏ తల్లికిని రాకుండునుగాక.